నీళ్ళు పోసినా నడవని గడియారం, వెలగని లాంతరు

నీళ్ళు పోస్తే పనిచేసే గడియారాలు, లైట్లు, లాంతర్లు మొరాయిస్తే ఏం చేయాలో చూద్దాం. ముందు ఒక అపోహ తీసేద్దాం, కరెంటు నీళ్ళలోంచే వస్తుందని చాలామంది అనుకుంటారు. పెట్టె మీద "నీళ్ళతో పనిచేస్తుంది" అని రాసినా, గడియారానికైనా లాంతరుకైనా కరెంటు పుట్టేది లోపలున్న రెండు వేరువేరు పదార్థాల ప్లేట్ల వల్ల, అందులో కనీసం ఒకటి లోహం. నీళ్ళు ఆ కరెంటుకి దారి మాత్రమే. 1800లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా లోకానికి చూపిన బ్యాటరీ సూత్రమే ఇది. ఈ ఒక్క మాట గుర్తుంటే కింది వాటిలో సగం మీరే కనిపెట్టేస్తారు.

గడియారంలో నీళ్ళు నింపాను, అంకెలే రావడం లేదు

పోసినవి ఆర్‌ఓ నీళ్ళా? నేనూ మొదట అదే చేశాను, కొత్త వస్తువు కదా శుభ్రమైన నీళ్ళే పోద్దామని. లవణాలు తీసేసిన నీళ్ళలో కరెంటు సరిగా పారదు. కుళాయి నీళ్ళు పోయండి. అప్పటికీ రాకపోతే చిటికెడు ఉప్పో, నాలుగు చుక్కల నిమ్మరసమో కలపండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయని రోజూ తిట్టుకునేవాళ్ళకి ఇక్కడ మాత్రం లాభమే.

అంకెలు మసకగా ఉన్నాయి, లేదా వచ్చి పోతున్నాయి

జింకు, రాగి ప్లేట్ల జత ఒకటి ఇచ్చేది ఒక వోల్టు లోపే. అది చాలదు కాబట్టే గడియారంలో రెండు అరలు పెట్టి వరసగా కలుపుతారు. నీళ్ళు పొంగి ఒక అరలోంచి ఇంకో అరలోకి చేరితే వోల్టేజీ పడిపోతుంది. గీత వరకే నింపండి, మధ్య గోడని పొడి గుడ్డతో తుడవండి.

అది సరిగానే ఉంటే రాగి ప్లేటు చూడండి. చిలుము పట్టి ఉంటుంది. పూజ సామాను తోమినట్టు చింతపండుతో తోమి కడిగితే చాలు. జింకుకి మాత్రం పులుపు పెట్టొద్దు, పాత టూత్ బ్రష్‌తో రుద్దండి.

నీటి వేగంతో వెలిగే షవర్ లైటు వెలగడం లేదు

దీని సంగతి వేరు, ఇందులో చిన్న టర్బైన్ (నీళ్ళ తోపుకి తిరిగే చక్రం) తిరగాలి, దానికి నీళ్ళ ఒత్తిడి కావాలి. నీళ్ళ ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటే సుమారు ఒక బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ప్రెషర్ వస్తుంది. మన డాబా మీది ట్యాంకు షవర్‌కి మూడు మీటర్లే పైన ఉంటే వచ్చేది 0.3 బార్, అది చక్రం తిరగడానికి చాలకపోవచ్చు. ముందు షవర్ రంధ్రాల్లో పట్టిన తెల్ల గారని వెనిగర్‌లో నానబెట్టి వదిలించండి. అయినా వెలగకపోతే ప్రెషర్ పంపు పెట్టాలి. ఆ పంపు తాగే కరెంటుని ఏ లెక్కలో రాస్తారో మీ ఇష్టం!

ఉప్పునీటి లాంతరు వారానికే డల్ అయింది

ఎక్కువమంది టెన్షన్ పడేది దీని గురించే. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నడిపే నౌకలో 2022 ఆగస్టులో విడుదల చేసిన "రోష్నీ" లాంతరు కూడా సముద్రపు నీటితో వెలిగేదే. బజారులో దొరికే చాలా లాంతర్లలో మెగ్నీషియం ప్లేటు ఉంటుంది. దీపం వెలిగినంతసేపూ ఆ ప్లేటు కరుగుతూనే ఉంటుంది. స్విచ్ ఆపినా ఉప్పునీళ్ళు లోపలే ఉంటే కరగడం ఆగదు. అందుకే వాడగానే నీళ్ళు పారబోసి, మంచినీళ్ళతో కడిగి, బోర్లించి ఆరబెట్టండి.

అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తే భయపడకండి. అది మెగ్నీషియం హైడ్రాక్సైడ్, కడుపులో మంటకి తాగే తెల్ల సిరప్‌లో ఉండే పదార్థమే (అలాగని దీన్ని తాగొద్దు). అది ప్లేటుకి అంటుకుంటే కరెంటు తగ్గుతుంది, బ్రష్‌తో గీకేయండి. గాలి రంధ్రాలు మూసుకుపోయినా వెలుగు తగ్గుతుంది. పైగా లోపల పుట్టే బుడగలు హైడ్రోజన్, అది బయటికి పోవాలి. పొయ్యి పక్కన, దీపం పక్కన పెట్టొద్దు.

కంపెనీ కొలత చెప్పకపోతే గ్లాసు నీళ్ళకి టీస్పూను పైన కొంచెం ఉప్పు వేయండి, దాదాపు సముద్రపు నీటి ఉప్పదనం వస్తుంది. గుప్పెడు వేసినంత మాత్రాన వెలుగు గుప్పెడు పెరగదు.

ఇవన్నీ చేసినా లాభం లేకపోతే ప్లేటు బయటికి తీసి చూడండి. రేకులా పలచబడి చిల్లులు పడితే దాని ఆయుష్షు అయిపోయినట్టే, కొత్తది వేయాలి. ప్లేటు విడిగా అమ్ముతారో లేదో కొనేముందే అడగండి. నేను అడగలేదు, నా మొదటి లాంతరు అటకెక్కింది.