పాత ఉక్కు ట్యాంకుతో డైవింగ్ – 3వ పాఠం: బ్యాక్‌ప్యాక్ ఎంచుకోవడం

కిందటి పాఠంలో ట్యాంకు భుజం మీద ముద్రలు చదవడం, హైడ్రో పరీక్ష (నీటి ఒత్తిడితో ట్యాంకు బలం చూడటం) సంగతి చూశాం. ఆ పరీక్షలో నెగ్గని ట్యాంకుకి బ్యాక్‌ప్యాక్ (ట్యాంకుని వీపుకి కట్టే ప్లేటు, బ్యాండు, పట్టీలు) వెతకడం దండగ, దాన్ని పాత ఇనుము కొట్టుకి పంపేయాలి. నెగ్గిన ట్యాంకు చేతిలో ఉందనుకుని ముందుకి వెళ్దాం.

పాత బ్యాక్‌ప్యాక్ దొరికిందంటే అందరి కళ్ళూ ముందు ప్లేటు మీదే పడతాయి. రంగు వెలిసిందా, కంపెనీ గుర్తు చెరగకుండా ఉందా అని చూస్తారు. నిజానికి ప్లేటు ఆఖరున చూసేది. మొదట చూడాల్సింది ట్యాంకుని చుట్టి పట్టుకునే బ్యాండు. ప్లేటు సరిగా కుదరకపోతే వీపు నొప్పెడుతుంది, అంతే. బ్యాండు జారితే ట్యాంకు కిందికి దిగి, నోట్లో ఉన్న రెగ్యులేటర్‌ని (ట్యాంకు గాలిని పీల్చుకునేలా అందించే పరికరం) లాక్కుపోతుంది.

కాబట్టి టైలరు టేపు తీసుకోండి. పాత ఉక్కు ట్యాంకుల్లో ఎక్కువగా కనిపించేది అమెరికా వాళ్ళ "స్టీల్ 72" (72 అంటే సుమారుగా పట్టే గాలి, ఘనపుటడుగుల్లో). దాని వ్యాసం సుమారు 6.9 అంగుళాలు, అంటే 175 మి.మీ. చుట్టూ టేపు వేస్తే 550 మి.మీ. వస్తుంది. ఇప్పటి డైవింగ్ సెంటర్లలో వాడే అల్యూమినియం 80 వ్యాసం 7.25 అంగుళాలు, 184 మి.మీ. చుట్టుకొలత 578. తేడా 28 మి.మీ. మాత్రమే. రెండూ పక్కపక్కన నిలబెట్టినా చాలామంది పోల్చుకోలేరు, బ్యాండు మాత్రం పోల్చుకుంటుంది. యూరప్ ట్యాంకులైతే ఇంకో లెక్క. 12 లీటర్ల పొడుగు రకం 171 మి.మీ. వ్యాసంలో, పొట్టి రకం 203 మి.మీ. దగ్గర ఉంటాయి. పొట్టి రకానికి స్టీల్ 72 బ్యాండు అసలు చుట్టూ అందదు.

కొలత పైన ఒకసారి, కింద ఒకసారి తీయండి. పాత ట్యాంకుల్లో కొన్నింటికి వినైల్ తొడుగు ఉంటుంది. అది ఎక్కడైనా ఉబ్బినట్టుంటే లోపల ఉప్పునీరు చేరి తుప్పు పడుతోందన్నమాట. తొడుగు ఒలిచేసి, తుప్పు ఎంత లోతు తిన్నదో పరీక్ష చేసేవాళ్ళకి చూపించాకే మళ్ళీ కొలవండి. అడుగున ఉన్న రబ్బరు బూటు కూడా ఓసారి ఊడదీయండి, నీరు నిలిచేది అక్కడే.

బ్యాండ్లు ముఖ్యంగా మూడు రకాలు. అన్నిటికన్నా పాతవి రెండు స్టీలు బ్యాండ్లు బోల్టులతో బిగించి, వాటికే నేరుగా భుజం పట్టీలు తగిలించినవి. వీటికి ప్లేటే ఉండదు. తర్వాత వచ్చినవి ప్లేటుకి ఒకే వెడల్పు స్టీలు బ్యాండు ఉండి, వింగ్ నట్టుతోనో మీట లాంటి క్యామ్ లాచ్‌తోనో బిగిసేవి. యూఎస్ డైవర్స్, వోయిట్, డేకర్, హెల్త్‌వేస్ లాంటి కంపెనీల సరుకులో ఇలాంటివి తగులుతుంటాయి. చివరగా నైలాన్ పట్టా, క్యామ్ బకిల్ ఉన్నవి.

క్యామ్ లాచ్ మంచిదో కాదో చెయ్యే చెబుతుంది. మూస్తున్నప్పుడు సగం దారిలో గట్టిగా ఎదురు తిరగాలి, ఆపైన టప్పున పడిపోవాలి. ఒక్క వేలితో మూసుకుపోతే వదులు. కటింగ్ ప్లయరు పెట్టి నొక్కాల్సి వస్తే బిగువు ఎక్కువై రివెట్లు ఒంగిపోతాయి. సర్దుబాటు స్క్రూ ఉంటే తిప్పి సరిచేయండి. ఎంత తిప్పినా బోల్టు కొన నట్టు దాటి రెండు మూడు మరచుట్లు బయటికి కనబడాలి. కనబడకపోతే ఆ బ్యాండు మీ ట్యాంకుకి చిన్నదని అర్థం.

ఎక్కువమందికి ఎదురయ్యేది దీనికి తిరగేసిన సమస్య. 184 మి.మీ. కోసం చేసిన బ్యాండుని 175 ట్యాంకుకి వేయాలి. చుట్టూ నాలుగున్నర మి.మీ. ఖాళీ మిగులుతుంది. అక్కడ పాత వెట్‌సూట్ ముక్క పెట్టడం అందరికీ తట్టే ఉపాయమే, కానీ అది చేయకూడని పని. వెట్‌సూట్ గుడ్డ నిండా గాలి బుడగలు. 10 మీటర్ల లోతుకి వెళ్ళేసరికి ఒత్తిడి రెట్టింపై ఆ బుడగలు సగానికి అణిగిపోతాయి. ఒడ్డున బండలా ఉన్న బ్యాండు అడుగున వదులైపోతుంది. బుడగల్లేని గట్టి రబ్బరే కావాలి. లారీ ట్యూబు కోసి, పొరల మధ్య పంక్చర్ సొల్యూషన్ రాసి అంటిస్తే పనికొస్తుంది. పొరలు అంటించకపోతే ఒకదాని మీద ఒకటి జారతాయి. ఇంతకన్నా శాశ్వతంగా కావాలంటే బ్యాండుని 28 మి.మీ. తగ్గించి, స్టీలుకి ఆర్గాన్ వెల్డింగ్ చేసే షాపులో అతికించుకోవాలి. శ్రీకాకుళంలో చేయించినా విజయనగరంలో చేయించినా షరతు ఒక్కటే: బ్యాండు ట్యాంకుకి ఉండగా టార్చి దగ్గరికి రానివ్వకండి. వెల్డింగ్ వేడి తగిలిన ట్యాంకు ఇక ట్యాంకు కాదు.

నైలాన్ పట్టా తడిస్తే సాగుతుంది. అందుకే పొడిగా బిగించి సముద్రంలో దిగకూడదు. పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టి, బిగించి, బ్యాండు అంచున ట్యాంకు మీద టేపు ముక్క అంటించండి. ప్యాక్‌ని పట్టుకుని ట్యాంకుని లేపి నాలుగైదు సార్లు గట్టిగా కుదపండి. టేపుకీ బ్యాండుకీ మధ్య సందు కనబడితే మళ్ళీ మొదటికి. కళింగపట్నంలోనో భావనపాడులోనో ఒడ్డు నుంచే దిగేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. కెరటం వెనకనుంచి కొట్టేటప్పుడు ఇంతకంటే గట్టిగానే కుదుపుతుంది.

ఇక ట్యాంకు ఎంత ఎత్తులో ఉండాలి? ఇది మీ రెగ్యులేటర్‌ని బట్టి ఉంటుంది. సింగిల్ హోస్ (నోటికి ఒకే గొట్టం వచ్చేది) అయితే వాల్వు మీ మెడ వెనక, తల పైకెత్తినా తగలనంత కింద ఉంటే చాలు. డబుల్ హోస్ (నోటికి రెండు గొట్టాలు వచ్చేది) అయితే రెగ్యులేటర్ మొత్తం వీపు మీదే ఉంటుంది, కాబట్టి ట్యాంకుని ఇంకా కిందికి దించి, రెగ్యులేటర్ రెక్కల ఎముకల మధ్యకి వచ్చేలా చూడాలి. ఎందుకంటే బోర్లా ఈదేటప్పుడు రెగ్యులేటర్ ఊపిరితిత్తులకి పైన ఉంటుంది. అది 20 సెం.మీ. ఎత్తులో ఉంటే ప్రతి శ్వాసకీ 20 సెం.మీ. నీటి ఒత్తిడిని మీ రొమ్మే లాగాలి. పావుగంటలో ఆయాసం వచ్చేస్తుంది. మెత్త వేసిన మందపాటి ప్లేటు చూడ్డానికి సుఖంగా ఉన్నా రెగ్యులేటర్‌ని వీపు నుంచి దూరం చేస్తుంది. డబుల్ హోస్‌కి పల్చటి ప్లేటో, అసలు ప్లేటు లేని పాత పట్టీలో మేలు.

జె-వాల్వు (చివరికి కొంత గాలి అట్టేపెట్టే పాత రకం వాల్వు) ఉన్న ట్యాంకుకి ఎడమ పక్కన రిజర్వ్ కడ్డీ కిందికి దిగి ఉంటుంది. బ్యాండు దాన్ని నొక్కకూడదు. ప్యాక్ తగిలించుకుని, చేత్తో వెతుక్కుని కడ్డీ లాగి చూడండి. మీట పూర్తిగా కిందికి రావాలి.

పాత నూలు పట్టీలు ఎంత బాగున్నా మార్చేయండి. మడత విప్పి గోటితో గీకితే పొడి రాలుతుంది చూడండి, అదే వాటి వయసు. వాటి బదులు మంచాల నవారు వేయకండి. నూలుదైతే నాని కుళ్ళుతుంది, ప్లాస్టిక్‌దైతే పల్చనై పట్టీని బిగించే స్లయిడ్లో నిలవదు. కారు సీటు బెల్టు కూడా మెత్తనే, జారుతుంది. 50 మి.మీ. వెడల్పు, బిర్రుగా నిలబడే నైలాన్ పట్టా 3.6 మీటర్లు తీసుకుంటే చాలామందికి సరిపోతుంది. పాత ప్లేటు గాడి 38 మి.మీ.దైతే ఆ వెడల్పే కొనండి, గాడిని అరగదీయొద్దు. కుట్టాల్సిన చోట టార్పాలిన్లు కుట్టేవాళ్ళ చేత నైలాన్ దారంతో చదరంగా కుట్టించి, లోపల ఇంటూ గుర్తు వేయించండి. సర్దుబాటయ్యాక మిగిలిన కొసలు అరచెయ్యంత ఉంచి కోసి, వేడి కత్తితో కాల్చండి. బారువ దగ్గర మునిగిన ఎస్.ఎస్. చిల్కా లాంటి ఓడ శిథిలాల మీద వేలాడే కొస తుప్పు ఇనుముకో, చిక్కుకున్న వలకో పట్టుకుంటుంది.

నడుము బకిల్ ఎడమ చేత్తో, బరువుల బెల్టు (నీళ్ళలో దిగడానికి నడుముకి కట్టే బరువులు) కుడి చేత్తో తెరుచుకునేలా పెట్టుకోండి. కంగారులో ఏది ఏదో చేతికే తెలుస్తుంది. కాళ్ళ మధ్య పట్టీ ఉంటే బరువుల బెల్టు దాని మీదుగా, అన్నిటికన్నా ఆఖరున కట్టాలి. కింద ఇరుక్కుంటే విప్పినా పడదు.

నాలుగో పాఠం బరువుల లెక్క. స్టీల్ 72లో నిండుగా ఉన్న గాలే దాదాపు 2.4 కిలోలు తూగుతుంది. ఖాళీ అయిన అల్యూమినియం 80 సుమారు 1.8 కిలోల మేర పైకి తేలుతుంది, ఉక్కుది అంతగా తేలదు. ఈలోగా ప్యాక్‌ని మంచినీళ్ళలో నానబెట్టి, బ్యాండు ఊడదీసి, కింద ఉన్న చోటంతా తుడిచి ఆరబెట్టండి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు, నిండుగా ఉన్నప్పుడు తూచి రెండు అంకెలూ రాసి పెట్టుకోండి.