సైనిక సంక్షేమ నిధికి దరఖాస్తు చేసే ముందు: మాజీ మహిళా సైనికులకు కొన్ని జాగ్రత్తలు

సైన్యంలో పనిచేసి వచ్చి, పింఛను లేక ఇబ్బంది పడుతున్న మహిళలు దేవరకొండ, మిర్యాలగూడ, నారాయణపేట వైపు కొద్దిమందే ఉండవచ్చు. అందువల్లనే వారికి ఏ సహాయం వర్తిస్తుందో తెలిసి చెప్పేవారు ఊళ్లో దొరకడం కష్టం, మధ్యవర్తులు మోసగించడం సులువు.

రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి, 65 ఏళ్లు దాటిన పింఛను లేనివారికి ఇచ్చే పేదరిక సహాయం, 2025 నవంబరు 1 నుంచి అందే దరఖాస్తులకు నెలకు 4,000 నుంచి 8,000 రూపాయలకు పెరిగింది. అయితే అది హవల్దారు (అధికారుల కంటే కింది హోదా), దానికి సమానమైన హోదా వరకే పరిమితం. సైనిక పోలీసు విభాగంలోకి 2019లో మహిళల నియామకం మొదలయ్యే దాకా ఆర్మీలో మహిళలు, నర్సింగ్ సర్వీసుతో సహా, అధికారుల హోదాలోనే ఉన్నారు కనుక, నేడు 65 దాటిన మహిళకు తన సొంత సర్వీసు మీద ఆ సొమ్ము రావడం దాదాపు కుదరదు. మరణించిన జవాను భార్యగానైతే కుదురుతుంది. ఈ తేడా చెప్పకుండా ఫారం నింపి రుసుము అడిగేవారిని నమ్మవద్దు.

తీవ్రమైన జబ్బుల చికిత్సకు ఇచ్చే సహాయం మాత్రం పింఛను లేని అన్ని హోదాల వారికీ ఉంది: నిర్ణీత పరిమితికి లోబడి, ఖర్చులో అధికారులకు 75 శాతం, ఇతరులకు 90 శాతం ఇస్తారు. అసలు బిల్లులను, డిశ్చార్జి కాగితాలను మొదటి రోజు నుంచే దాచుకోవాలి. షార్ట్ సర్వీస్ అధికారులు, అంటే కొన్నేళ్ల నిర్ణీత కాలానికే చేరినవారు, 2019 నుంచి చందా కట్టి మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్ఎస్‌లో కూడా చేరవచ్చు. ఒకే బిల్లును రెండు చోట్లా పెట్టకూడదు.

మగవారికి అంతగా ఎదురుకాని చిక్కు ఇంటిపేరు. పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరిన మహిళకు రిలీజ్ ఆర్డరులో పుట్టింటి పేరు, ఆధార్‌లోనూ బ్యాంకు పుస్తకంలోనూ అత్తింటి పేరు ఉంటే, ఆమె, కాగితాల్లో ఉన్న మనిషి ఒక్కరేనని రుజువు చేయవలసి వస్తుంది. దరఖాస్తు పెట్టాక కాదు, కనీసం రెండు మూడు నెలల ముందే ఈ పేర్లను పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. నిర్ణీత కాలం పూర్తిచేసి గ్రాట్యుటీతో విడుదలైనట్టు ఆర్డరులో ఉందో లేదో కూడా అప్పుడే చూడాలి, ఎందుకంటే మాజీ సైనికురాలిగా గుర్తింపు దాని మీదే ఆధారపడుతుంది.

దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో పెట్టాలి, దానిని సైనిక సంక్షేమ కార్యాలయం పరిశీలించి పంపుతుంది. 2016లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి, మీ మండలం ఇప్పుడు ఏ కార్యాలయం పరిధిలో ఉందో ముందే అడిగి తెలుసుకుంటే బస్సు ఖర్చు మిగులుతుంది. సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. అందుకోసం ఓటీపీ అడిగే అధికారి ఎవరూ ఉండరు. మీసేవలో ఎక్కించినా మీ సొంత ఫోన్ నంబరే ఇచ్చి, రసీదు నంబరు రాసుకొని, అసలు ఆర్డరును ఎవరి చేతికీ వదలకుండా ఇంటికి తెచ్చుకోవాలి.