కృతజ్ఞతతో ఒత్తిడిని తట్టుకోవడం – 3వ పాఠం: ‘ఎందుకు జరిగింది?’

రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు రాయమని పోయిన పాఠంలో చెప్పాను. నాలుగైదు రోజులు రాసేసరికి చాలామందికి ఒకటే ఇబ్బంది వస్తుంది. ఇల్లు, పిల్లలు, ఆరోగ్యం అని రోజూ అవే మాటలు. చెయ్యి రాసుకుంటూ పోతుంది, మనసు మాత్రం రేపటి టెన్షన్ మీదే ఉంటుంది.

ఈ వారం ప్రతి విషయం కింద ఇంకో వాక్యం చేర్చండి: ఇది ఎందుకు జరిగింది?

ఉదాహరణకి, ‘ఆఫీసులో రిపోర్టు గండం గట్టెక్కింది’ అని రాశారనుకోండి. ఎందుకు గట్టెక్కింది? మెయిల్ పంపబోయే ముందు పక్క సీటు ఆవిడ ఒకసారి చూస్తానన్నారు. మూడో పేజీలో కూడిక తప్పిందని పట్టుకున్నారు. తన లంచ్ బాక్సు మూత మళ్లీ పెట్టేసి, లెక్క సరిపోయేదాకా కూర్చున్నారు. ఇంతవరకూ రాస్తే ఆ మధ్యాహ్నం మళ్లీ కళ్ల ముందుకొస్తుంది. ఒత్తిడిలో ఉన్న మనసు పొరపాటునే పట్టుకు వేలాడుతుంది, సాయం చేసిన మనిషిని వదిలేస్తుంది. కారణం వెతికితే ఆ మనిషి కనిపిస్తుంది. ఒక్కోసారి కారణం మీరే అవుతారు. మొహమాటపడకుండా అదీ రాయండి.

అమెరికా మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో చేయించింది ఇదే: వారం పాటు రోజూ మూడు మంచి విషయాలు, వాటి కారణాలు. ఆరు నెలల తర్వాత చూసినా అలా రాసినవాళ్లలో దిగులు తగ్గి, సంతోషం పెరిగి కనిపించింది. వారం అయ్యాక కూడా సొంతంగా కొనసాగించినవాళ్లకు మేలు ఎక్కువ. రోజూ రాయడం విసుగనిపిస్తే వారానికోసారి రాసినా తప్పులేదు. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే మనస్తత్వవేత్తలు 2003లో ప్రచురించిన ఒక ప్రయోగంలో రాయించింది వారానికోసారే, పది వారాల పాటు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో కృతజ్ఞత పేరుతో నోరు మూయించడం ఎక్కువ. ‘మనకన్నా కష్టంలో ఉన్నవాళ్లు లేరా?’, ‘ఉన్నదాంతో సర్దుకో’ అంటారు. ముఖ్యంగా కోడళ్లకి ఈ మాట ఎన్నిసార్లు వినిపిస్తుందో! రెండు నెలలుగా జీతం రాకపోతే ‘ఉద్యోగమైనా ఉంది కదా’ అని ఊరుకోమనడం ఈ సాధన కాదు. ఇంకొకరి కష్టాన్ని చూసి ఊరట పొందడమూ కాదు. అందుకే నోట్‌బుక్‌లో ఎడమ పేజీ కోపానికీ బాధకూ వదలండి. ముందు అది రాయండి, దాచుకోకుండా. తర్వాతే కుడి పేజీలో మూడు విషయాలు. ఎడమ పేజీలో ఉన్నదాన్ని కుడి పేజీ కొట్టేయదు. జీతం అడగాల్సిందే.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదనిపించినా నోట్‌బుక్ చాలదు. టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ఉన్న ప్రభుత్వ సేవ, ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఈ వారం అభ్యాసం: మూడు విషయాల్లో కనీసం ఒకటి ఆ రోజే, ఫలానా చోట, ఫలానా మనిషి వల్ల జరిగినదై ఉండాలి. ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తుంటే దాని కింద గీత గీసి ఉంచండి. ఇంట్లోవాళ్లకి థాంక్స్ చెప్పడం మనలో చాలామందికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ గీత గీసిన మనిషికి ఆ మాట ఎలా చెప్పాలన్నదే 4వ పాఠం.