మోడల్ రైలు పట్టాలకు కంకర వేయడం ఎలా?

లేఅవుట్ (పట్టాలు, స్టేషన్‌తో పేర్చిన మోడల్ రైల్వే) మీద నెలల తరబడి కష్టపడి, చివరికి కంకర దగ్గర పాడు చేసుకునేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. ఇంజన్ బాగుంటుంది, కోచ్‌ల రంగు సరిగ్గా కుదురుతుంది, ప్లాట్‌ఫాం మీద బెంచీలు కూడా ఉంటాయి. పట్టాల వైపు చూస్తే మాత్రం స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెల) మీద రాళ్లు అతుక్కుని ఉంటాయి, మధ్యలో తెల్లటి జిగురు చారలు, అక్కడక్కడా గుంటలు. పాయింట్ (రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే చోటు) అయితే కదలనే కదలదు. చేయి తిరగక ఇలా అయ్యేది తక్కువ, ఒకే ఒక్క దశలో తొందరపడటం వల్ల అయ్యేదే ఎక్కువ. ఆ దశ, జిగురు పోసే ముందు కంకరను తడపడం. మిగతావన్నీ త్వరగా చెప్పేసి అక్కడికి వస్తాను.

ఇక్కడ చెప్పేది హెచ్‌ఓ (1:87, అంటే అసలు రైలులో 87వ వంతు), ఎన్ (1:160) రెండు స్కేళ్లకూ పనికొస్తుంది.

కంకర ఏది వాడాలి

ముందు సైజు తేల్చుకోండి. మన రైల్వే లైన్లకు వాడే కంకర 65 మిల్లీమీటర్ల సైజుది. అందులో 20 మిల్లీమీటర్ల కన్నా చిన్న రాళ్లు నూటికి రెండు పాళ్లు మించకూడదు. ఈ లెక్కన హెచ్‌ఓలో పెద్ద రాయి ముప్పావు మిల్లీమీటర్ ఉండాలి, ఎన్‌లో 0.4 మిల్లీమీటర్. అంటే హెచ్‌ఓ కంకర సన్నటి ఉప్మా రవ్వలా ఉండాలి, ఎన్‌కు ఇంకా సన్నం. చాలా లేఅవుట్లలో కనిపించే కంకరను లెక్క వేస్తే, ఒక్కో రాయి మనిషి తలకాయంత ఉంటుంది. పట్టాలు ఎంత బాగున్నా అక్కడే బొమ్మలాట అయిపోతుంది.

హైదరాబాద్‌లో ఉండి కంకర పొడి ప్యాకెట్లలో తెప్పించుకోవడం నాకు అస్సలు నచ్చదు. మన చుట్టూ ఉన్న గుట్టలన్నీ గ్రానైటే. ఏ కట్టడం దగ్గరైనా రోబో శాండ్ కుప్ప ఉంటుంది, అడిగితే ఒక కవర్ నిండా తీసుకోనిస్తారు. అది యంత్రంలో పగలగొట్టిన రాయి కాబట్టి అంచులు పదునుగా ఉంటాయి. నిజమైన రైల్వే కంకర కూడా అలాగే పదునైన అంచులతో ఉంటుంది, రాయికి రాయి పట్టుకునేది అందుకే. ఏటి ఇసుక వద్దు, దాని గింజలు గుండ్రంగా అరిగిపోయి ఉంటాయి. రంగు వేసిన వాల్‌నట్ పెంకుల పొడి అసలే వద్దు. తేలిక కావడంతో నీళ్లు తగలగానే పైకి తేలి స్లీపర్లెక్కి కూర్చుంటుంది. రాయి బరువుగా ఉంటుంది, వేసిన చోటే ఉంటుంది.

రోబో శాండ్‌ను బకెట్‌లో వేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. బూడిదలాంటి ఆ పొడి పోకపోతే తర్వాత జిగురుతో కలిసి బురదవుతుంది. మిద్దె మీద ఎండబెట్టి జల్లించండి. హెచ్‌ఓకు టీ జాలిలోంచి కిందికి దిగి మైదా జల్లెడ మీద నిలిచింది తీసుకోవాలి. ఎన్‌కు మైదా జల్లెడలోంచి దిగి పల్చటి నైలాన్ గుడ్డ మీద నిలిచింది. జల్లెడలన్నీ ఒక్కలా ఉండవు కాబట్టి నాలుగు గింజలు స్కేలు పక్కన పెట్టి చూసుకోండి. జల్లించేటప్పుడు మాస్కు తప్పనిసరి, గ్రానైట్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఈ జల్లెడలు మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

ఆఖర్న, అయస్కాంతానికి ప్లాస్టిక్ కవర్ చుట్టి కంకరంతా కలియతిప్పండి. నల్లటి నలుసులు దానికి పట్టుకుంటాయి. వాటిని వదిలేస్తే ఇంజన్ మోటారులోని అయస్కాంతం లాక్కుంటుంది, ఇక మోటారు పని అయిపోయినట్టే. పది నిమిషాల పని ఇది, దయచేసి మానకండి.

కావాల్సినవి

పొగమంచులా పడే చిన్న స్ప్రే సీసా, సూది తీసేసిన 5 ఎంఎల్ సిరంజి, అర అంగుళం మెత్తటి బ్రష్, టూత్‌పిక్‌లు, తెల్ల ఫెవికాల్, గిన్నెలు తోమే లిక్విడ్, మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మిగతా సామాను ఏదైనా తక్కువైతే ట్రూప్ బజార్‌లోనో రాణిగంజ్‌లోనో దొరుకుతుంది.

ఫెవికాల్‌లో వాటర్‌ప్రూఫ్ రకం తీసుకోవద్దు. మామూలు రకమైతే రేపు లైన్ మార్చాలనుకున్నప్పుడు గోరువెచ్చటి నీళ్లు పోసి కాసేపు ఆగితే మెత్తబడి పట్టా ఊడి వస్తుంది, పట్టా పాడవదు. సూపర్‌గ్లూ, ఎపాక్సీ వాడేవాళ్లను చూస్తాను. వాళ్లు లైన్ మార్చాలంటే పట్టాలను పగలగొట్టి కొత్తవి కొనాల్సిందే.

ముందే అయిపోవాల్సిన పనులు

వైర్లు సోల్డరింగ్ అయిపోవాలి. ఒక వారం రైళ్లు తిప్పి ఎక్కడా పట్టాలు తప్పడం లేదని తేలాలి. పట్టాల పక్కవైపు తుప్పు రంగు వేసి ఉండాలి. కింద ఎండీఎఫ్ చెక్క ఉంటే దానికి పెయింట్ కొట్టి ఉండాలి, లేకపోతే తడికి ఉబ్బుతుంది. వీటిలో ఏది మిగిలినా కంకర జోలికి వెళ్లొద్దు.

పరచడం

మడిచిన కాగితంతో పట్టాల మధ్య కొద్దికొద్దిగా పోయండి. వేలితో పరిచి, బ్రష్‌తో సర్ది, చివరికి బ్రష్ పిడితో పట్టా మీద సన్నగా తడితే స్లీపర్లెక్కిన గింజలు జారిపోతాయి. స్లీపర్ పైభాగం మీద ఒక్క గింజ కూడా ఉండకూడదు. తక్కువ పడితే ఇంకొంచెం వేసుకోవచ్చు, ఎక్కువ పడితే తీయడానికి ప్రాణం పోతుంది.

స్లీపర్ చివరి నుంచి బయటికి కంకర ఎంత మేర రావాలన్నది చాలామంది పట్టించుకోరు. మన బ్రాడ్‌గేజ్ మెయిన్ లైన్లలో తిన్నగా ఉన్నచోట అది 350 మిల్లీమీటర్లు, అంటే హెచ్‌ఓలో 4, ఎన్‌లో 2 మిల్లీమీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి వాలు మొదలవ్వాలి. దీన్ని వెడల్పు చేయకండి. అసలే హెచ్‌ఓలో రెండు పట్టాల మధ్య దూరం (గేజ్) 16.5 మిల్లీమీటర్లు, అది మన బ్రాడ్‌గేజ్ కన్నా ఇరుకైన స్టాండర్డ్ గేజ్ లెక్క. మన 1676 మిల్లీమీటర్ల గేజ్‌కు 19 పైన ఉండాలి. కంకర వెడల్పు చేసిన కొద్దీ పట్టాలు ఇంకా ఇరుగ్గా కనిపిస్తాయి. హైదరాబాద్ మెట్రో చేసేవాళ్లకు మాత్రం ఆ పట్టా సరిగ్గా సరిపోతుంది, మెట్రోది స్టాండర్డ్ గేజే కదా. కాకపోతే పిల్లర్ల మీద వెళ్లే ఆ లైనుకు కంకరే ఉండదు. మెట్రో మోడల్‌కు కంకర వేసినవాళ్లూ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. పెద్ద స్టేషన్లలో ఆప్రాన్ (పట్టాల కింద కంకరకు బదులు పోసే కాంక్రీటు నేల) వేసిన ప్లాట్‌ఫాం లైన్లకూ కంకర అక్కర్లేదు. చేయబోయే స్టేషన్‌కు వెళ్లి ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీద నిలబడి ఒకసారి కిందికి చూసి వస్తే ఇవన్నీ తెలుస్తాయి.

పాయింట్ల దగ్గర కదిలే బ్లేడ్ల కింద, వాటిని కలిపే అడ్డపట్టీ చుట్టూ కంకర వేయకండి. అక్కడ కంకర రంగు పెయింట్ పూసి వదిలేయండి, రెండడుగుల దూరం నుంచి ఎవరికీ తేడా తెలియదు. నూనె చుక్క వేస్తే జిగురు పట్టదని కొందరంటారు. ఆ నూనె పట్టా మీదికి పాకి కరెంటు అందక ఇంజన్ ఆగుతుంది. నా లేఅవుట్‌లో పాయింట్ మీద నూనె పడనివ్వను.

తడపడం, జిగురు పోయడం

ఇక అసలు పని. ఇక్కడి నుంచి నిదానంగా చదవండి.

పొడి రాతి పొడి నీటిని లోపలికి రానివ్వదు. దాని మీద జిగురు చుక్క వేస్తే అది గుండ్రంగా నిలబడి, చుట్టూ గింజలను అంటించుకుని పొర్లుతుంది. చుక్క పడిన చోట గుంట పడుతుంది, పక్కన గడ్డ కడుతుంది. అది చూసి కంగారుపడి ఇంకొన్ని చుక్కలు వేస్తారు. ఇంకో గుంట, ఇంకో గడ్డ. మొదట్లో చెప్పిన లోపాలన్నీ పుట్టేది ఈ రెండు నిమిషాల్లోనే.

కాబట్టి ముందు తడపాలి. కరెంటు ప్లగ్ తీసేయండి. ఫ్యాన్, కూలర్ ఆపేయండి. ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి స్ప్రే సీసాలో పోయండి. ఆల్కహాల్ నీటి తలతన్యతను తగ్గిస్తుంది కాబట్టి తడి గింజల మధ్యకు ఇట్టే దిగుతుంది. అది మండే పదార్థం. గదిలో దీపం, అగరుబత్తి, దోమల చుట్ట ఏదీ వెలుగుతూ ఉండకూడదు. కిటికీ తెరిచి పెట్టండి. ఆల్కహాల్ వాసన పడనివాళ్లు అర లీటరు నీళ్లలో నాలుగు చుక్కలు గిన్నెల లిక్విడ్ కలుపుకోవచ్చు. పని నడుస్తుంది కానీ నిదానంగా ఇంకుతుంది.

నీళ్ల గురించి ఒక మాట. బోరు నీళ్లు వాడొద్దు. మన ఊళ్లో బోరు నీళ్లలో ఉప్పు శాతం ఎక్కువ, గీజర్లలో పేరుకునే తెల్ల పొరే కంకర మీదా పేరుకుంటుంది. జిగురు తెల్లగా మిగిలిపోయిందని బాధపడేవాళ్లలో సగం మందికి అసలు కారణం నీళ్లే. ఆర్‌ఓ నీళ్లు గానీ, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ వాడండి, తడపడానికీ జిగురు కలపడానికీ కూడా.

స్ప్రేను ఎప్పుడూ కంకర వైపు గురిపెట్టకండి. ఒక అడుగు ఎత్తున, నేలకు సమాంతరంగా గాల్లోకి కొట్టండి. తుంపర దానంతటదే కిందికి పడాలి. మొదటి రెండు మూడు సార్లు పైపొర మాత్రమే తడుస్తుంది, అప్పుడు ఒక్క క్షణం ఆగండి. ఆ పొర తడిసి బరువెక్కాక గింజలు ఎగరవు. అప్పుడు ధారాళంగా కొట్టొచ్చు. రంగు బాగా ముదరాలి, వాలు చివర సన్నగా తడి బయటికి రావాలి. అంతవరకూ ఆపొద్దు. పైన తడిగా కనిపించిందని సంతృప్తి పడకండి. అనుమానంగా ఉంటే మూల ఒకచోట టూత్‌పిక్ గుచ్చి తిప్పి చూడండి, అడుగున పొడిగా ఉంటే తెలిసిపోతుంది.

ఒకసారికి ఒక అడుగు లైన్ మాత్రమే తడపండి. ఏప్రిల్, మే నెలల్లో మూడడుగులు తడిపి వెనక్కి వచ్చేసరికి మొదటి అడుగు ఎండిపోయి ఉంటుంది. ఎండాకాలంలో ఈ పని సాయంత్రం పెట్టుకోవడమే మంచిది.

ఇప్పుడు జిగురు. ఒక వంతు ఫెవికాల్‌కు రెండు వంతుల నీళ్లు, రెండు చుక్కల లిక్విడ్. బాగా కలపాలి, పాలలా పల్చగా ఉండాలి. జిగురు సీసాలోకి ఆల్కహాల్ పోయకండి, జిగురు విరిగి ముద్దలు కట్టే ప్రమాదం ఉంది. సిరంజిలోకి తీసుకుని, దాని మొనను దాదాపు కంకరకు తాకేంత దగ్గరగా, రెండు స్లీపర్ల మధ్య పట్టా పక్కన పెట్టి ఒక్క చుక్క వదలండి. చూడండి. చుక్క వెంటనే మాయమై చుట్టూ తెల్లదనం పాకితే తడి సరిపోయినట్టు. చుక్క పైనే నిలబడితే చెయ్యి వెనక్కి తీసేయండి. మళ్లీ తడపండి. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగతాదంతా దానంతటదే కుదురుతుంది.

జిగురు తనంతట తానే పాకాలి, మీరు దాన్ని నెట్టకూడదు. బ్రష్‌తో సర్దడం, వేలితో నొక్కడం వద్దు. గింజ ఒకటి స్లీపర్ మీదికి వచ్చిందా, ఉండనివ్వండి, ఆరాక టూత్‌పిక్‌తో తీసేయొచ్చు. తడిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే ఒక్క గింజతో పోయేది నాలుగు అంగుళాలు పాడవుతుంది. పట్టాల మధ్య పూర్తయ్యాక రెండు వైపుల వాలు, అదీ పై నుంచి మొదలుపెట్టాలి. స్లీపర్ల మధ్య అంతటా పల్చటి తెలుపు సమానంగా కనిపించగానే ఆపేయండి.

పొడి కంకరలో పొడి జిగురు కలిపి పరిచి తర్వాత తడిపే పద్ధతి ఒకటి ఉంది. జిగురు పొడి సన్నం కాబట్టి అడుగుకు దిగిపోతుంది, పైపొర ఊడి వస్తూనే ఉంటుంది. కంకరను జిగురులో ముద్దగా కలిపి పట్టాల మధ్య కూరే పద్ధతి ఇంకా ఘోరం, అది కంకరలా కాక సిమెంటు పూసినట్టు కనిపిస్తుంది. సిరంజి పద్ధతికి సమయం పడుతుందన్న మాట నిజమే. లైన్ వేసేది ఒకసారి, చూసేది ఏళ్ల తరబడి.

ఆరాక

పోసిన వెంటనే తడి గుడ్డ వేలికి చుట్టి పట్టాల పైభాగం తుడిచేయండి. పాయింట్లను అరగంటకోసారి అటూ ఇటూ కదపండి. మిగతాదాన్ని ఒక రోజు ముట్టుకోవద్దు, వానాకాలమైతే రెండు రోజులు. తొందరపడి హెయిర్ డ్రయర్ పెడితే పైన చెక్కు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

ఆరాక వాక్యూమ్ క్లీనర్ మూతికి పల్చటి గుడ్డ కట్టి వదులు గింజలు లాగేయండి. గుడ్డలో పడ్డది మళ్లీ వాడుకోవచ్చు. ఎక్కడైనా గింజలు కదులుతుంటే అక్కడ మళ్లీ తడిపి మళ్లీ జిగురు వేయాలి, తడపకుండా మాత్రం వేయొద్దు. పట్టాలను ఆల్కహాల్ గుడ్డతో తుడవండి. గరుకు కాగితంతో రుద్దితే పడే గీతల్లో మురికి చేరుతుంది. ఇంజన్ కన్నా ముందు ఒక వ్యాగన్‌ను చేత్తో తోసి చూడండి. పట్టా లోపలివైపు గింజ అతుక్కుని ఉంటే చక్రం అక్కడ ఎగురుతుంది, ఆ శబ్దం చెవికి తెలుస్తుంది.

మిగిలిన కంకరను డబ్బాలో పోసి తేదీ రాసి దాచండి. ఇంకో కుప్ప నుంచి తెచ్చింది ఇదే రంగులో ఉండదు, కొన్నిచోట్ల గ్రానైట్ బూడిద రంగు, కొన్నిచోట్ల గులాబీ ఛాయ. రేపు ఒక సైడింగ్ (పక్క లైను) పొడిగించాలన్నా, ఊడినచోట అతకాలన్నా ఆ డబ్బాలోదే కావాలి.