ఆ సర్వే నంబరు పట్టానా, పోరంబోకా, అడవా? కొనేముందు తేల్చుకోవడం ఎలా?

మా బాబాయ్ ఒక చోటు చూసొచ్చి "జామతోట ఉందిరా, బోరు కూడా పోస్తోంది" అని మురిసిపోయాడు. అడ్వాన్సు ఇచ్చాక పాత పహాణీ (ఏటా రాసే భూమి, సాగు రికార్డు) తీయిస్తే అందులో ఆ నంబరుకి ఎదురుగా "సర్కారీ, కంచ" అని, అంటే ప్రభుత్వ మేత భూమి అని, రాసి ఉంది. ఆ డబ్బు ఇంకా రాలేదు. అందుకే తోటని కాదు, ముందు కాగితాన్ని చూడమంటాను.

1. పాత రికార్డు తీయించండి. ఆంధ్రాలో మీభూమి వెబ్‌సైటులో అడంగల్ (పహాణీ లాంటిదే), 1బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పేది). తెలంగాణలో భూభారతి పోర్టల్. ఇవి ఇప్పటి మాట చెబుతాయి. అసలు గుట్టు పాత సర్వేనాటి రిజిస్టర్లలో, అంటే ఆంధ్రాలో ఆర్‌ఎస్‌ఆర్‌లో, తెలంగాణలో సేత్వార్‌లో, 1954-55 ఖాస్రా పహాణీలో ఉంటుంది. నకలు కావాలంటే తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. ఆంధ్రాలో రీసర్వే అయిన ఊళ్లలో ఇప్పుడు సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి కాబట్టి పాత సర్వే నంబరు కూడా అడిగి రాసుకోండి.

2. అందులో ఉన్న మాటకి అర్థం పట్టుకోండి. పట్టా, జిరాయితీ అంటే సొంత భూమి. డీకేటీ, లావణి, అసైన్డ్ అంటే ప్రభుత్వం పేదలకిచ్చినది. 1977 చట్టం ప్రకారం అమ్మకం నిషేధం. ఆంధ్రాలో 2023 సవరణ కొంత సడలింపు ఇచ్చింది గానీ, అమ్మేవాడి నోటి మాట నమ్మి దిగొద్దు. బంజరు ప్రభుత్వానిది. పోరంబోకు అంటే శిస్తు లెక్కకి బయట పెట్టిన భూమి: బాట, వాగు, శ్మశానం లాంటివి. (తమిళం నుంచి వచ్చిన ఈ మాట మన నోట్లో తిట్టయి కూర్చుంది.) శిఖం అంటే చెరువు కడుపు. శిఖం పట్టా కూడా ఉంటుంది, కానీ నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికే. అక్కడ ఇల్లు కట్టకూడదు. కంచ, గైరాన్ పశువుల మేతకి వదిలినవి.

3. అడవి సంగతి విడిగా చూడండి. చిక్కంతా ఇక్కడే. 1967 అటవీ చట్టంలో సెక్షన్ 4 అంటే ఫలానా భూమిని రిజర్వు ఫారెస్టు చేయబోతున్నామన్న నోటిఫికేషన్, సెక్షన్ 15 అంటే చేసేశామన్నది. కొన్నిచోట్ల సెక్షన్ 4 దగ్గరే దశాబ్దాలుగా ఆగిపోయింది. అలా ఆగిపోయిన హద్దుల లోపలి సర్వే నంబరుకి రెవెన్యూ పట్టా ఉన్నా రెండు శాఖల గొడవ మీ నెత్తికే చుట్టుకుంటుంది. డీఎఫ్‌వో (జిల్లా అటవీ అధికారి) ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.

రికార్డులో అడవి అని లేనంత మాత్రాన ఊపిరి పీల్చుకోవడానికి లేదు. గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు, యజమాని ఎవరైనా సరే, నిఘంటువు అర్థంలో అడవి అయితే అది అడవేనంది. కేంద్ర అటవీ సంరక్షణ చట్టానికి తెచ్చిన 2023 సవరణ దీన్ని కుదించబోతే, 2024 ఫిబ్రవరిలో కోర్టు ప్రస్తుతానికి పాత అర్థమే పాటించమంది. హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాలు రికార్డుల్లో అడవి కాదని ప్రభుత్వం వాదించినా, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపించింది.

ఏజెన్సీలో, అంటే షెడ్యూల్డ్ గిరిజన ప్రాంతాల్లో అయితే వన్ ఆఫ్ సెవెంటీ (1/70 భూబదలాయింపు చట్టం) ఉంది. పట్టా భూమి అయినా గిరిజనేతరులు కొనకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పోడు (అడవిలో సాగు చేసుకునే భూమి) పట్టా వారసులకి వస్తుంది, అమ్మడానికి మాత్రం చెల్లదు.

4. 22ఏ నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22ఏ కింద రిజిస్టర్ చేయకూడని భూముల జాబితా, చూడండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఊరు, సర్వే నంబరు కొడితే ఐదు నిమిషాల పని. జాబితాలో ఉంటే ఆగిపోండి. లేకపోతే మాత్రం అది క్లీన్ అని సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు.

5. పట్టా అని తేలినా, దేనికి వాడొచ్చో అడగండి. మాస్టర్ ప్లాన్‌లో ఆ నంబరు కన్జర్వేషన్ జోన్‌లో పడితే సాగుకి ఇబ్బంది లేదు, వెంచరుకి (ప్లాట్ల లేఅవుట్‌కి) అనుమతి మాత్రం దొరకదు.

6. చివరగా కొలిపించండి. ఆ నంబరు హద్దులు, కొలతలు చూపే పటం (ఎఫ్‌ఎంబీ, తెలంగాణలో అయితే టిప్పన్) పట్టుకుని లైసెన్స్ ఉన్న సర్వేయర్‌తో గట్టు వెంట నడవండి. అంచున అటవీశాఖ హద్దు దిమ్మెలు కనిపిస్తే అవి గట్టుకి అవతలున్నాయో, మీ తోటలో మూడో వరస చెట్ల దగ్గర ఉన్నాయో చూడండి.