రైఫిల్ బ్యారెల్ మంచిదో కాదో తేల్చుకోవడం

ముందు ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కళ్లారా చూసి, దాన్ని వెనక నుంచి మూసే బోల్ట్ బయటకు తీయండి. లోపల పేరుకున్న రాగి, మసి పూర్తిగా పోయేదాకా తుడవండి. మురికి బ్యారెల్‌ను పరీక్షించడం దండగ.

మొదట చూడాల్సింది క్రౌన్, అంటే గుండు బయటపడే అంచు. అక్కడ చిన్న నొక్కు ఉన్నా వాయువు ఒక పక్క నుంచి ముందుగా తప్పించుకుని గుండును పక్కకు నెడుతుంది. అంచు మళ్లీ కోయిస్తే చాలా బ్యారెళ్లు బాగుపడతాయి, కాబట్టి తొందరపడి పారేయకండి.

అసలు పరీక్ష లోపలి కొలతకే. బోర్ (బ్యారెల్ లోపలి రంధ్రం) కన్నా కాస్త లావైన మెత్తటి సీసపు ముక్కకు నూనె రాసి, ఛాంబర్ వైపు నుంచి రాడ్‌తో నెమ్మదిగా తోయండి. బిగువు ఆ చివరిదాకా ఒకేలా తగలాలి. మూతి దగ్గర కాస్త బిగిస్తే మంచిదే. వదులైతే మాత్రం ఆ బ్యారెల్ మీద ఆశ వద్దు.

ట్విస్ట్, అంటే బ్యారెల్ లోపలి గాడుల మెలిక, గుండు పొడవుకు సరిపోవాలి; బరువైన గుండు పొడవుగా ఉంటుంది. .223 తూటాలో 55 గ్రెయిన్ల (గ్రెయిన్ గుండు బరువు కొలత) గుండుకు 12 అంగుళాలకు ఒక చుట్టు చాలు, 77 గ్రెయిన్లకు 8 అంగుళాలకు ఒక చుట్టు కావాలి. చాలకపోతే టార్గెట్ మీద రంధ్రాలు కోలగా పడతాయి.

3 గుళ్ల గ్రూప్‌ను (ఒకే గురికి కాల్చిన గుళ్ల గుంపును) నమ్మకండి, 10 కాల్చండి. 100 మీటర్లలో 29 మిల్లీమీటర్లంటే 1 ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్, డిగ్రీలో అరవయ్యో వంతు). గ్రూప్ చెదిరితే ముందు స్కోప్ మౌంట్లు, యాక్షన్ స్క్రూలు (రైఫిల్ యంత్రభాగాన్ని స్టాక్‌కు, అంటే పట్టుకునే దిమ్మెకు, బిగించేవి) బిగించి చూడండి. బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య కాగితం జారాలి. ఇవన్నీ సరిగ్గా ఉండి, వేడెక్కేకొద్దీ గుళ్లు ఒకే దిక్కుకు జరుగుతుంటే ఉక్కులో ఒత్తిడి మిగిలిందని అనుమానించండి.