1,23,45,678 ని ప్రైమ్‌లుగా విడగొట్టడం ఎలా

పెద్ద నంబర్ ఇచ్చి దీనికి భాజకాలెన్ని, వాటి మొత్తమెంత, రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా అని అడిగితే చాలామంది ఒక్కోదానికి ఒక్కో దారి వెతుక్కుంటారు, అంత అక్కర్లేదండీ, ముందు దాన్ని ప్రధాన సంఖ్యలుగా విడగొట్టేస్తే మిగతాదంతా రెండు నిమిషాల పని. ఇక్కడ 1,23,45,678 తీసుకుందాం, గుర్తుపెట్టుకోవడం ఈజీ.

చివర 8 ఉంది కాబట్టి 2తో కొట్టేస్తే 61,72,839. అంకెలు కూడితే 36, అంటే 9తో పోతుంది, మిగిలింది 6,85,871. దీని అంకెల మొత్తం 35, సో 3 కథ అయిపోయింది, 5 ఎలాగూ లేదు.

7, 11, 13 మూడింటినీ ఒకేసారి చూసే ట్రిక్ ఉంది, నాకు భలే ఇష్టం. 7×11×13 = 1001 కదా, అందుకని చివరి మూడంకెల్లోంచి ముందు మూడంకెలు తీసేయండి: 871−685 = 186. దీన్ని 7తో భాగిస్తే శేషం 4, 11తో 10, 13తో 4. సున్నా ఒక్కదానికీ రాలేదు కాబట్టి మూడూ అవుట్.

17 నుంచి మాత్రం ఒక్కో ప్రైమ్‌తో చేత్తో భాగించుకోవాల్సిందే, 43 దాకా ఏదీ పోదు, విసుగొచ్చే టైంకి 47 దొరుకుతుంది: 47×14,593.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. అసలు నంబర్ వర్గమూలం 3513 పైన ఉంది కదా అని అక్కడిదాకా ప్రైమ్‌లు పట్టుకుని వెళ్లిపోతారు (నేనూ మొదట్లో ఇలాగే ఒక సాయంత్రమంతా వేస్ట్ చేశా). కారణాంకం దొరికిన ప్రతిసారీ మిగిలిన ముక్కకి వర్గమూలం మళ్లీ చూసుకోవాలి. 121 వర్గం 14,641, మన ముక్క అంతకంటే చిన్నది, కాబట్టి 113 దాకా చూస్తే చాలు. చిన్న ప్రైమ్‌లు ఆల్రెడీ చూసేశాం, 47ని మాత్రం ఇంకోసారి ట్రై చేసి (రెండుసార్లు పోవచ్చు కదా) అక్కణ్ణుంచి 113 వరకు వెళ్లండి, మొత్తం 16 ప్రైమ్‌లే. ఏదీ పోదు, అంటే 14,593 కూడా ప్రైమే.

సో మన నంబర్ 2 × 3² × 47 × 14,593. ఘాతాలకి ఒక్కొక్కటి కలిపి గుణిస్తే 2×3×2×2 = 24 భాజకాలు. వాటి మొత్తం (1+2)×(1+3+9)×(1+47)×(1+14,593), అంటే 3×13×48×14,594 = 2,73,19,968, ఇందులోంచి నంబర్‌ని తీసేసినా 1,49,74,290 మిగులుతుంది, నంబర్ కంటే ఎక్కువే! రెండు వర్గాల మొత్తంగా మాత్రం రాయలేం, ఎందుకంటే 4తో భాగిస్తే 3 మిగిలే ప్రైమ్‌లన్నీ సరి ఘాతంతో ఉండాలి, 3 ఓకే గానీ 47 ఒక్కసారే ఉంది.

ఎనిమిదంకెలకి ఇది హాయిగా నడుస్తుంది. 1903లో కోల్ అనే ఆయన విడగొట్టి చూపించిన 2⁶⁷−1 ఉంది చూశారూ, 21 అంకెలది, దాని చిన్న కారణాంకమే 19,37,07,721, దాన్ని ఇలా ఒక్కో ప్రైమ్‌తో భాగించుకుంటూ పట్టుకుందామంటే చేత్తో అయ్యే పని కాదు.